బోస్టను డాక్టరమ్మ మేరీ జక్షెఫ్స్కా

శతవార్షికోత్సవ సంచిక అనగానే గుడులు కట్టించిన మిషనరీలను, ఎండలో పల్లెపల్లెకు నడిచిన బైబిలు స్త్రీలను, మన తాతలకు బాప్తిస్మమిచ్చిన పాదిరిగార్లను జ్ఞాపకము చేసుకొనుట న్యాయమే. వారిని గూర్చి ఈ సంచికలో పెద్దలు వ్రాస్తున్నారు. నేను వ్రాయబూనుకొన్నది మన అధ్యక్ష మండలమునకు గాని, మన దేశమునకు గాని చెందని ఒక స్త్రీని గూర్చి. ఆమె పేరు మేరీ జక్షెఫ్స్కా. బెర్లినులో పుట్టి, అమెరికాకు వలసపోయి, బోస్టను నగరములో స్త్రీలకును పిల్లలకును ఒక ఆసుపత్రి స్థాపించి, దాదాపు నలుబది ఏండ్లు దాని భారము మోసిన వైద్యురాలు. ఆ ఆసుపత్రికి 1962లో నూరేండ్లు నిండినవి. ఆ తరువాత ఏడేండ్లకు అది తీసుకొన్న నిర్ణయము, నూరేండ్ల పండుగ చేసుకొంటున్న మనము ఆలోచించదగినది. అయితే ఆ నిర్ణయపు విలువ తెలియాలంటే ముందు ఆమె జీవితము తెలియాలి.

మంత్రసాని కూతురు

మేరీ 1829 సెప్టెంబరు 6న ప్రష్యా రాజ్యపు రాజధాని బెర్లినులో జన్మించింది. తండ్రి వంశము వారు పోలండు దేశస్థులు. ఒకప్పుడు భూములున్న కుటుంబము, తరువాత అన్నీ పోయినవి. తండ్రి సైన్యములోను, పిమ్మట ప్రభుత్వోద్యోగములోను ఉన్నాడు. రాజకీయాభిప్రాయముల మూలముగా ఉద్యోగము పోయింది. ఇంటినిండా పిల్లలు. అప్పుడు తల్లి ధైర్యము తెచ్చుకొని బెర్లినులోని షారిటే ఆసుపత్రికి చెందిన మంత్రసానుల పాఠశాలలో చేరి చదువుకొన్నది. మన పల్లెలలో మంత్రసాని పని తల్లినుండి కూతురికి వచ్చినట్లు కాక, ప్రష్యాలో దానికి ప్రభుత్వము వారి పాఠశాల, పరీక్ష, పట్టా ఉండేవి.

ఇంటికి పెద్దకూతురైన మేరీకి పదేండ్లు దాటిన వయస్సులో కంటి జబ్బు చేసింది. తల్లి ఆమెను తనతోపాటు ఆసుపత్రిలోనే ఉంచుకొన్నది. అక్కడి వైద్యుడొకాయన కళ్ళకు కట్టుకట్టుకొన్న ఆ పిల్లను చేయిపట్టుకొని తనతో వార్డులన్నీ త్రిప్పేవాడు. గ్రుడ్డి డాక్టరమ్మ అని ముద్దుపేరు కూడా పెట్టాడు. కళ్ళు బాగుపడిన తరువాత ఆయన ఇచ్చిన రెండు పుస్తకములను ఆమె వదలకుండా చదివింది. ఒకటి ప్రసూతి విద్య చరిత్ర, రెండవది శస్త్రచికిత్స చరిత్ర. ఆడుకొనే వయస్సులో చదువదగిన పుస్తకములు కావవి. ఆమె మనస్సు ఆనాడే ఒకవైపు తిరిగిపోయింది.

పదమూడవ ఏట బడి చదువు ముగిసింది. ఆడపిల్లకు అంతకుమించి ఎందుకని తండ్రి భావము. ఇంటిపని చేస్తూనే ఆమె తల్లి వెంట పురుళ్ళకు వెళ్ళేది. ధనవంతుల ఇండ్లలోను, పనివారి చీకటి గదులలోను, వీధిలో చెడిపోయినదని పేరుపడిన స్త్రీల దగ్గరను ఆ పిల్ల పురుళ్ళు చూచింది. నొప్పులు పడే స్త్రీ ఎవరైనను ఆ బాధ ఒక్కటే అని ఆమెకు పుస్తకము చెప్పనక్కరలేకపోయింది.

మంత్రసానుల పాఠశాలలో చేర్చుకొమ్మని అడిగితే వయస్సు చాలదని త్రిప్పి పంపారు. చివరకు ఆ పాఠశాల పెద్ద డాక్టరు యోసేపు హెర్మన్ ష్మిట్ పట్టుబట్టి 1849లో చేర్పించాడు. ఆమె తెలివిని చూచి తోటివారికి పాఠములు చెప్పే పని కూడా అప్పగించాడు. 1851లో ఆమె ఉత్తీర్ణురాలైంది. తన ఆరోగ్యము క్షీణిస్తున్నదని తెలిసిన ఆ డాక్టరు, ఆమెను ఆసుపత్రి మంత్రసానులందరికి పెద్దగా నియమించాలని పోరాడాడు. ఇరువది రెండేండ్ల పిల్ల క్రింద మేమా అని పెద్దలు ఎదురు తిరిగారు. 1852 మే నెలలో ఆ నియామకము జరిగింది. జరిగిన ఆ దినమే డాక్టరు ష్మిట్ చనిపోయాడు. అండ పోయిన తరువాత ఆ చోట నిలువనిచ్చేవారు లేరు. ఆరు నెలలకే ఆమె ఉద్యోగము వదులుకోవలసి వచ్చింది.

పరదేశములో

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్త్రీలకు ప్రత్యేకముగా వైద్య కళాశాల పెట్టారన్న సంగతి ఆమెకు బెర్లినులోనే డాక్టరు ష్మిట్ ద్వారా తెలిసింది. స్త్రీలకు వైద్యము నేర్పే దేశములో ఆ స్త్రీలు పనిచేయుటకు ఆసుపత్రి కావాలి కదా, దానిని నేనే కడతాను అని ఆమె అనుకొన్నది. 1853లో చెల్లెలు అన్నాను వెంటబెట్టుకొని ఓడ ఎక్కి న్యూయార్కు చేరింది. అప్పటికి ఆమెకు ఇంగ్లీషు రాదు.

అక్కడ చేరిన తరువాత తెలిసిన సంగతి వేరు. ఆ రోజులలో ఆ నగరపు పత్రికలలో స్త్రీ వైద్యులు అని ప్రకటించుకొన్నవారు చాలమట్టుకు చాటుగా గర్భస్రావములు చేయించేవారు. అందుచేత డాక్టరమ్మ అనే మాటే పరువుగల కుటుంబములలో పలుకదగని మాట అయింది. కుటుంబ స్నేహితుడైన ఒక జర్మను వైద్యుడు జాలిపడి, తన దగ్గర నర్సుగా ఉండమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. బెర్లినులో మంత్రసానులకు పెద్దగా ఉన్న మనిషి బ్రతుకుతెరువుకోసము ఉన్ని అల్లిక పనికి దిగింది. అక్కాచెల్లెండ్రు కలిసి ఉన్నితో కుచ్చులు, అల్లికలు చేసి పెద్ద దుకాణములకు అమ్మారు. పని పెరిగి సుమారు ముప్పది మంది ఆడపిల్లలకు కూలి ఇచ్చేంతవరకు వచ్చింది. ఆ పిల్లలలో ఎక్కువమంది ఆమెవలెనే వలస వచ్చినవారు. కూలి చాలక, జబ్బుచేస్తే చూచే దిక్కులేక, ఆ నగరములో ఆడపిల్ల ఎట్లు నలిగిపోతుందో ఆమె ఆ ఏడాదిలో కళ్ళార చూచింది. తరువాత ఆమె కట్టిన ఆసుపత్రికి పునాది ఆ అల్లిక గదిలోనే పడిందని చెప్పవచ్చును.

1854లో ఆమె దిక్కులేని స్త్రీలకు ఆశ్రయమిచ్చే ఒక గృహమునకు వెళ్ళి తన కథ చెప్పుకొన్నది. వారు ఆమెను డాక్టరు ఎలిజబెత్ బ్లాక్‌వెల్ దగ్గరకు పంపారు. ఈ ఎలిజబెత్ కూడా వలస వచ్చిన స్త్రీయే. ఇంగ్లండులో పుట్టి, చిన్ననాట తల్లిదండ్రులతో అమెరికా చేరి, 1849లో ఆ దేశములో వైద్య పట్టము పొందిన మొదటి స్త్రీ అయింది. పట్టమైతే వచ్చింది గాని రోగులు రాలేదు, ఇల్లు అద్దెకిచ్చేవారు లేరు. పేదల పేటలో ఒక చిన్న గదిలో ధర్మ వైద్యశాల నడుపుకొంటున్నది. ఇద్దరు పరదేశులకు ఒకరి మాట ఒకరికి అర్థమైంది. ఎలిజబెత్ ఆమెకు ఇంగ్లీషు నేర్పింది. జర్మను పేదలు వచ్చినప్పుడు మేరీ ఆమెకు చేదోడయింది.

ఎలిజబెత్ సిఫారసు మీద ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లండు వైద్య కళాశాల మేరీని చేర్చుకొన్నది. ఆ ఊరి స్త్రీలు కొందరు ఆమె ఖర్చులకు సహాయము చేశారు. 1855లో తల్లి కూతుండ్రను చూడాలని బయలుదేరి సముద్రము మీదనే మరణించింది. ఆ శరీరమును సముద్రములోనే సమాధి చేశారు. తనకు మొదట ఈ విద్య చూపించిన తల్లికి తన పట్టము చూపించే భాగ్యము మేరీకి దక్కలేదు. 1856లో ఆమె డాక్టరు అయింది.

న్యూయార్కులో రెండేండ్లు

న్యూయార్కుకు తిరిగివచ్చి ఒక గది అద్దెకు అడిగితే, డాక్టరమ్మ అనగానే తలుపులు మూశారు. చివరకు ఎలిజబెత్ తన ఇంటిలోని వెనుక గది ఇచ్చింది. ఎలిజబెత్, ఆమె చెల్లెలు డాక్టరు ఎమిలీ, మేరీ ముగ్గురు కలిసి పేద స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి పెట్టాలని నిశ్చయించుకొన్నారు. దానికి చందాలకోసము మేరీ బోస్టనుకును ఫిలడెల్ఫియాకును తిరిగింది. 1857 మే 12న ఆ ఆసుపత్రి ప్రారంభమైంది. ఆ తేదీ ఫ్లోరెన్సు నైటింగేల్ జన్మదినము. మన ఆసుపత్రులలో నర్సుల దినము జరుపుకొనేది కూడా ఆనాడే.

మేరీ అక్కడ రెండేండ్లు జీతము లేకుండ ఆసుపత్రిలోనే నివసించి నడిపింది. ఆ పని ఏమిటో మన స్త్రీల సమాజపు సభ్యులకు వివరించి చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే టోకు బజారుకు పోయి కూరలు, మాంసము బేరమాడి తేవడము, వంటగది చూచుకోవడము, ఉదయము ధర్మ వైద్యశాలకు వచ్చినవారిని చూడడము, వార్డులు తిరగడము, వైద్య విద్యార్థినులకు నేర్పడము, రాత్రివేళ పురుళ్ళకు లేచి వెళ్ళడము. లెక్కలు వ్రాయడము కూడా ఆమె పనే.

ఒకసారి పురిటిలో ఒక స్త్రీ మరణించింది. వెంటనే బంధువులు, వీధివారు గునపములు, పారలు పట్టుకొని గుంపుగా వచ్చి, ఆడ డాక్టర్లు మనుష్యులను చంపుతున్నారని తలుపులు బాదారు. ఆ గుంపులో నుండి ఐర్లండు దేశపు కూలివాడొకడు ముందుకు వచ్చి, నా భార్యకు ఈ డాక్టరమ్మలే ప్రాణము పోశారు, ఏ డాక్టరైనను అందరిని బ్రతికించలేడు అన్న భావముతో మాట్లాడి వారిని శాంతపరచాడు. ఆసుపత్రిని కాపాడినది పట్టాలు కాదు, పెద్దల సిఫారసులు కాదు. వైద్యము పొందిన ఒక పేదవాని సాక్ష్యము.

సూక్ష్మదర్శిని తగాదా

1859లో బోస్టనులోని స్త్రీల వైద్య కళాశాలవారు ఆమెను ప్రసూతి విద్య ఆచార్యురాలిగా పిలిచారు. ఆ కళాశాలను 1848లో స్థాపించిన శామ్యూల్ గ్రెగరీ ఉద్దేశము వేరు. పురుళ్ళకు పురుషులు వెళ్ళుట సభ్యత కాదని ఆయన అభిప్రాయము; అందుకు తక్కువ చదువుతో త్వరగా తయారయ్యే స్త్రీలు చాలును. మేరీ సూక్ష్మదర్శిని కావాలని అడిగింది. అది ఐరోపావారి కొత్త వేషమని ఆయన తోసివేశాడు. విద్యార్థినులు పాఠములో వెనుకబడితే ఉత్తీర్ణులను చేయవద్దని ఆమె, ఎట్లాగైనను పట్టము ఇవ్వాలని యాజమాన్యము.

ఈ తగాదా చిన్నదిగా కనిపించవచ్చును. స్త్రీలకు వైద్య విద్య ఇస్తున్నారు, అదే పదివేలు అని సరిపెట్టుకొనేవారు ఆనాడు చాలమంది. ఆమె సరిపెట్టుకోలేదు. సరిగా నేర్వని డాక్టరు చేతిలో పోయేది పేదరాలి ప్రాణము. పైగా ఒక పురుష వైద్యుడు తప్పుచేస్తే అతనికే చెడ్డపేరు. ఒక స్త్రీ తప్పుచేస్తే స్త్రీ జాతికంతటికి తలుపు మూస్తారు. దయ ఉన్నంత మాత్రమున చాలదు, పని వచ్చి ఉండాలి. పేదలకు కదా అని తక్కువ రకపు వైద్యము చేయుట దానము కాదు, అవమానము. ఇది ఆమె జీవితమంతటికి సూత్రము. 1862లో ఆమె ఆ కళాశాలకు రాజీనామా ఇచ్చింది.

పది పడకల ఇల్లు

అమెరికాలో బానిసత్వము విషయమై అంతర్యుద్ధము జరుగుతున్న రోజులవి. అటువంటి కాలములో 1862 జూలై 1న బోస్టనులో ఒక అద్దె ఇంటిలో పది పడకలతో ఆమె ఆసుపత్రి తెరిచింది. న్యూ ఇంగ్లండు స్త్రీల, పిల్లల ఆసుపత్రి అని దానికి పేరు. మూడు ఉద్దేశములు ముందే వ్రాసి పెట్టుకొన్నారు. స్త్రీలకు తమ జాతివారైన సమర్థ వైద్యులచే చికిత్స దొరకాలి. చదువుకొన్న స్త్రీలకు వైద్యములో ఆచరణ శిక్షణ దొరకాలి. నర్సులకు శిక్షణ ఇవ్వాలి. ఎడ్నా చీనీ మొదలైన బోస్టను స్త్రీలు కార్యదర్శులుగా, కోశాధికారులుగా నిలిచి ఇంటింటికి తిరిగి చందాలు తెచ్చారు. పేరున్న పురుష వైద్యులు కొందరు సలహాదారులుగా ఉండుటకు ఒప్పుకొన్నారు. అందరికి నోరు తిరుగని ఆమె ఇంటిపేరు కురుచయై ఆమె డాక్టర్ జాక్ అయింది.

అక్కడికి వచ్చినది ఎవరు? ఐర్లండు కరవునుండి పారిపోయి వచ్చి ఇండ్లలో పనిచేసుకొనే ఆడవారు, కుట్టుపని చేసుకొనేవారు, భర్త విడిచిపెట్టినవారు. ధర్మ వైద్యశాలలో ఇచ్చుకోగలిగినవారు కొంచెము రుసుము ఇచ్చేవారు, లేనివారికి ఉచితము. రాలేనివారి ఇంటికి డాక్టరమ్మయు, శిష్యురాండ్రును నడిచి వెళ్ళేవారు. ఇల్లు ఎట్లున్నది, నీరు ఎట్లున్నది, బిడ్డకు ఏమి పెడుతున్నారు అని చూచి చెప్పేవారు. పెళ్ళికాకుండ గర్భవతియైన అమ్మాయి వస్తే గౌరవస్థులు ముఖము త్రిప్పుకొనే కాలములో, ఆ అమ్మాయిని కూడా పడకమీద పండుకోబెట్టారు. ఇందుకు చందాదారులలో కొందరు నొచ్చుకొన్నను ఆ తలుపు మూతపడలేదు.

రోగులతోపాటు శిష్యురాండ్రును వచ్చారు. బోస్టను కన్య లూసీ సూయెల్ ఆమె వద్ద చదివి ఆసుపత్రి వైద్యురాలై ఎంతో సేవచేసింది. 1865లో ఇంగ్లండునుండి వచ్చిన సోఫియా జెక్స్-బ్లేక్ ఉపాధ్యాయిని కావాలనుకొన్న మనిషి. ఈ ఆసుపత్రిలో పని చూచి వైద్యమునకు తిరిగింది. ఆమెయే తరువాత ఎడింబరోలో స్త్రీల వైద్య విద్యకోసము పోరాడి, 1874లో లండనులో స్త్రీల వైద్య పాఠశాల స్థాపనకు కారకురాలైంది. ఆమెతో ఎడింబరోలో పోరాడిన ఎడిత్ పీచీ 1883లో బొంబాయి చేరి అక్కడి స్త్రీలకు వైద్యము చేసింది. పది పడకల ఇంటిలో వెలిగించిన దీపము ఎంతదూరము వెలుగిచ్చినదో చూడండి.

నర్సుల బడి

1872లో ఆసుపత్రి నగరపు అంచున ఉన్న రాక్స్‌బరీ పేటలో సొంత భవనములోనికి మారింది. ఆ సంవత్సరమే నర్సులకు క్రమమైన శిక్షణ ప్రారంభించారు. దానిని నడిపినది జూరిచ్ నగరములో చదివి వచ్చిన డాక్టరు సూజన్ డిమాక్ అనే యువతి. ఆ తరగతిలో 1873లో మొదటి పట్టము పుచ్చుకొన్న లిండా రిచర్డ్స్‌ను అమెరికాలో శిక్షణ పొందిన మొదటి నర్సుగా చెప్పుకొంటారు. ఆమె పిమ్మట మిషనరీగా జపాను వెళ్ళి 1886లో క్యోటో నగరములో నర్సుల పాఠశాలను నడిపింది.

డాక్టరు డిమాక్ కథ విషాదకరము. 1875 మే నెలలో సెలవు మీద ఐరోపాకు పోతుండగా ఆమె ప్రయాణము చేస్తున్న షిల్లర్ అనే ఓడ ఇంగ్లండు తీరమున రాళ్ళకు తగిలి మునిగిపోయింది. ఆమెకు ఇంకను ముప్పది ఏండ్లు నిండలేదు. తన తరువాత పని అప్పగించదగినదని మేరీ నమ్మిన మనిషి ఆమె. ఆసుపత్రి ముందున్న వీధికి తరువాత డిమాక్ పేరే పెట్టారు.

మరియొకరి పేరు చెప్పకుండ విడువరాదు. మేరీ మహోనీ అనే నీగ్రో జాతి స్త్రీ, అనగా నేడు ఆఫ్రికన్ అమెరికను అనవలసినది, ఆ ఆసుపత్రిలో వంట, బట్టలుతుకుట, గదులు శుభ్రముచేయుట మొదలైన పనులలో సుమారు పదునైదు ఏండ్లు గడిపింది. 1878లో ఆమెను నర్సు శిక్షణకు చేర్చుకొన్నారు. పదునారు నెలల కఠిన శిక్షణ అది. ఆమెతో చేరిన 42 మందిలో చివరివరకు నిలిచినవారు నలుగురు. 1879లో పట్టము పొంది, ఆ దేశములో శిక్షణ పొందిన నర్సులలో ఆ జాతికి చెందిన మొదటి స్త్రీ అయింది. వంటగది నుండి వార్డుకు ఉన్న దూరము కొన్ని అడుగులే. ఆ అడుగులకు పదునైదేండ్లు పట్టినవని కూడ మనము గమనించవలెను. మంచి సంస్థలలో కూడ కొన్ని తలుపులు ఆలస్యముగా తెరుచుకొంటాయి.

మూసిన తలుపులు, ఇసుక కుప్పలు

శిష్యురాండ్రకు ఆమె సులువైన యజమానురాలు కాదు. క్రమశిక్షణ విషయములో కఠినురాలని పేరు. తాను పడిన శ్రమను తరువాతివారును పడాలని ఆశించేది. అది కొందరికి బరువైంది. అయినను వారికోసము పోరాడుటలో వెనుదీయలేదు. 1881లో ఆమెయు, తోటి వైద్యురాండ్రును కలిసి, స్త్రీలకు వైద్యము నేర్పేటట్లయితే 50,000 డాలర్లు ఇస్తామని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు తెలిపారు. ధనము వద్దన్నారు. ఆ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొన్నది 1945లో. మసాచుసెట్సు రాష్ట్ర వైద్యుల సంఘము మాత్రము 1884లో స్త్రీలకు సభ్యత్వము ఇచ్చింది. మొదట చేర్చుకోబడినది ఆమె ఆసుపత్రి వైద్యురాలు ఎమ్మా కాల్.

ఆమె చూపు పడకల దగ్గరే ఆగలేదు. బెర్లినుకు వెళ్ళినప్పుడు అక్కడి తోటలలో పేదపిల్లలు ఇసుక కుప్పలలో ఆడుకొనుట చూచి, బోస్టనులోని మిత్రులకు వ్రాసింది. 1885లో బోస్టను ఉత్తరపు పేటలో, వలసవచ్చిన వారి ఇరుకు ఇండ్ల నడుమ, పార్మెంటర్ వీధిలోని ఒక చిన్న ప్రార్థన మందిరపు ఆవరణలో ఇసుక కుప్ప పోయించారు. వీధిలో బండ్లక్రింద పడే పిల్లలు అక్కడకు వచ్చి ఆడుకొన్నారు. అమెరికాలో పిల్లల ఆటస్థలముల ఉద్యమము అక్కడినుండే ఎదిగిందని చరిత్రకారులు చెబుతారు. గుడి ఆవరణలో నాలుగు బండ్ల ఇసుక కూడ పరిచర్యయే అవుతుందని దీనివలన తెలుస్తున్నది.

గుడికి వెలుపల నిలిచిన సేవకురాలు

ఇప్పుడు సంఘ సభ్యులకు కొంచెము కష్టముగా ఉండే సంగతి చెప్పాలి. దాచుట సత్యము కాదు. డాక్టరు మేరీ భక్తురాలు కాదు. ఆరాధనకు వెళ్ళే అలవాటు ఆమెకు లేదు. ఆమె ఇంటిలో నివసించిన మిత్రుడు కార్ల్ హైంజెన్ మతమును విమర్శించి వ్రాసిన జర్మను పత్రికా రచయిత. తన అంత్యక్రియలలో చదువవలసిన వీడ్కోలు మాటలు ఆమె ముందే స్వయముగా వ్రాసి పెట్టింది. పాదిరి ప్రసంగము కోరలేదు.

అటువంటి మనిషిని గూర్చి అధ్యక్ష మండల సంచికలో ఎందుకు వ్రాయాలని కొందరు అడుగవచ్చును. నా జవాబు ఇది. ప్రభువు పొరుగువాడెవడో చెప్పవలసి వచ్చినప్పుడు యాజకుని కాదు, లేవీయుని కాదు, మందిరములో చోటులేని సమరయుని చూపించాడు. గాయపడినవాని దగ్గర నిలిచిన పరదేశి అతడు. ఇంకొక సందర్భమున, ఆకలిగొన్నవారిని, రోగులను, పరదేశులను చూచినవారు తాము ఎవరికి చేశామో ఎరుగకనే చేశారని కూడ ఆయనే చెప్పాడు. మేరీకి మనము మన విశ్వాసమును అంటగట్టనక్కరలేదు. అది ఆమెకు అన్యాయము. అయితే మన విశ్వాసము మనచేత చేయించవలసిన పనిని, ఆ విశ్వాసము లేని ఒక స్త్రీ నలుబది ఏండ్లు చేసి చూపినప్పుడు, మనము సంతోషించాలి. కొంచెము సిగ్గుపడవలసిన చోట సిగ్గుపడాలి కూడా.

నూరేండ్ల తరువాత

1899 నాటికి ఆమె పనినుండి విరమించింది. 1902 మే 12న, అనగా న్యూయార్కు ఆసుపత్రి తెరిచి సరిగా 45 ఏండ్లు నిండిన దినమున, ఆమె కన్నుమూసింది. వయస్సు 72. పెండ్లి చేసుకోలేదు. ఆసుపత్రి భవనములలో ఒకదానికి ఆమె పేరే ఉన్నది.

ఇరువదవ శతాబ్దములో విచిత్రమైన కష్టమొకటి ఆ ఆసుపత్రికి వచ్చింది. ఆమె కోరిన విజయము లభించుటయే ఆ కష్టము. ఇతర ఆసుపత్రులు, కళాశాలలు స్త్రీలను చేర్చుకొన్నకొలది, స్త్రీలకొరకే ఒక ఆసుపత్రి ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ధనము తగ్గింది. 1950 తరువాత పురుషులను కూడ చేర్చుకొన్నారు. దానిపై వాదోపవాదములు జరిగినవి. ఇంతలో రాక్స్‌బరీ పేట మారిపోయింది. పాత ఐరిషు, జర్మను కుటుంబములు వెళ్ళిపోయి, దక్షిణ రాష్ట్రములనుండి వచ్చిన నల్లజాతివారు అక్కడ నివసించసాగారు. ఉద్యోగములు తక్కువ, డాక్టర్లు తక్కువ.

అప్పుడు వారి ముందు రెండు త్రోవలు. పాత పేరుతో, పాత పద్ధతితో నిలిచినంతకాలము నిలిచి ఒకనాడు తాళము వేయుట ఒకటి. పేరు, పద్ధతి వదులుకొని తలుపు నిలుపుకొనుట రెండవది. 1969లో వారు రెండవ త్రోవ పట్టారు. ఆసుపత్రి మూసి, అదే భవనములలో డిమాక్ సాముదాయిక ఆరోగ్య కేంద్రము తెరిచారు. ఆ పేటవారికి ఇంటిదగ్గర వైద్యము, గర్భిణీలకును శిశువులకును సంరక్షణ, చిన్నపిల్లల బడి, మత్తుకు బానిసలైనవారికి చికిత్స, ఇటువంటివి అక్కడ నేటికిని జరుగుతున్నవి. జర్మను వలస స్త్రీ ఐరిషు పనిపిల్లలకు తెరిచిన తలుపులోనికి నేడు మరొక తరము, మరొక రంగు ప్రజలు నడుస్తున్నారు. పడకలు పోయినవి, పని నిలిచింది.

మనకు

ఆమె బోస్టనుకును మన తెలుగు దేశమునకును నేరుగా సంబంధము లేదు. అయినను కొన్ని దారములు కనిపిస్తాయి. 1860లో ఆమె ఆత్మకథను అచ్చువేయించిన బోస్టను రచయిత్రి కరోలిన్ డాల్, 1888లో మహారాష్ట్ర స్త్రీ డాక్టరు ఆనందీబాయి జోషీ జీవిత చరిత్రను వ్రాసింది. మేరీని అమెరికాకు రప్పించినది ఫిలడెల్ఫియా స్త్రీల వైద్య కళాశాలను గూర్చిన వార్తయే కదా. ఆ కళాశాలలోనే చదువుకొన్న డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరింది. పురుష వైద్యునికి ముఖము చూపని స్త్రీలు తలుపుచాటున చనిపోయే కాలమది. 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచి, 1930లో అదే ఊరిలో కన్నుమూసింది. మన విశాఖపట్టణపు బిడ్డ డాక్టరు హిల్డా లాజరస్ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు మొదటి భారతీయ డైరెక్టరు అయింది. వీరందరు ఒకరినొకరు ఎరుగకపోయినను ఒకే త్రోవను నడిచినవారు.

మనకును మిషనరీలు కట్టిన ఆసుపత్రులు, బడులు, వసతి గృహములు వారసత్వముగా వచ్చినవి. కొన్ని బాగుగా నడుస్తున్నవి. కొన్ని క్షీణించినవి, కొన్నిటికి తాళములు పడినవి. గోడమీద స్థాపకుల పేరు చెక్కిన రాయి మాత్రము చెక్కుచెదరలేదు. నూరేండ్ల పండుగలో ఆ రాతికి సున్నము వేసి, పూలదండ వేయుట సులభము. ఆ రాయి ఎవరికోసము పాతారో వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారని వెదకుట కష్టము. వారు నేడు పట్టణపు అంచున ఉన్న గుడిసెల పేటలలో ఉండవచ్చును. ఒరిస్సానుండి, బీహారునుండి ఇటుకబట్టీలకు వలసవచ్చిన కూలీలై ఉండవచ్చును. వారికి పెద్ద ఆసుపత్రి కట్టే శక్తి మన సంఘమునకు లేకపోవచ్చును. పది పడకలు కూడ లేకపోవచ్చును. వారమునకు రెండు దినములు గుడి వరండాలో పని వచ్చిన ఒక డాక్టరు, ఒక నర్సు కూర్చుంటే చాలు. అది కూడ తలుపే.

అయితే డాక్టరు మేరీ పెట్టిన రెండు నియమములు మరువరాదు. వచ్చినవారు ఎవరని అడుగరాదు. పేదలకు కదా అని పని తగ్గించి చేయరాదు. ఈ రెండు నియమములు మన స్త్రీల సమాజములు, పాస్టరేటు కమిటీలు, ఆసుపత్రి బోర్డులు తమ మొదటి పేజీలో వ్రాసుకొని రెండవ నూరేండ్లలో అడుగుపెట్టునట్లు దేవుడు మనకు కృపనిచ్చును గాక. ఆమెన్.